ఊరికెనే చదివిన ఏడాది

అల్పజీవి ఎవరు రాశారని అర్ధరాత్రి లేపి అడిగినా రావిశాస్త్రి అని చెప్పేదాన్ని. చివరకు మిగిలేది బుచ్చిబాబు, అసమర్థుని జీవయాత్ర గోపీచంద్, ప్రజల మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి, చిల్లర దేవుళ్లు దాశరథి రంగాచార్య. గోలకొండ కవుల సంచిక ఎప్పుడొచ్చింది? 1934. అందులో కవులెందరు? 354. సంపాదకుడెవరు? సురవరం ప్రతాపరెడ్డి. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు సాహిత్య అకాడమీ అవార్డు ఏ సంవత్సరం వచ్చింది? 1955, తెలుగులో అదే మొదటిది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఎవరైనా ఇవి గుక్క తిప్పుకోకుండా చెప్తారు. మా హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్లం. అన్నం తింటూ, బట్టలు ఆరేస్తూ ఒకరినొకరం ఇవే అడుక్కునేవాళ్లం. ఆ పుస్తకాల్లో ఒక్కటి కూడా మా గది గడప తొక్కలేదు. తొక్కాల్సిన అవసరమూ రాలేదు. పరీక్షకు కావలసింది పుస్తకం పేరు, రచయిత పేరు, సంవత్సరం, మహా అయితే ప్రధాన పాత్ర.

ఆ చదువును చిన్నచేసి మాట్లాడాలని నాకు లేదు. ఇంటి దగ్గర రెండెకరాల పత్తి చేను, నాయిన పేరు మీద బ్యాంకు అప్పు, పెళ్లి చేసేస్తామని ఏటేటా తొందరపెట్టే చుట్టాలు. ఇన్నిటి మధ్య ఆడపిల్ల హైదరాబాద్‌లో ఉండి చదువుకోవడమంటే అది ఇంటిల్లిపాదీ పెట్టుకున్న ఆశ. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి పొద్దున్నే పోతే ఆ ఆశ కళ్లకు కనిపిస్తుంది. లోపల కుర్చీ దొరకనివాళ్లు మెట్ల మీద, చెట్ల కింద అట్టలు పరుచుకుని కూచుంటారు. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం తిని వచ్చి మళ్లీ పుస్తకం తెరుస్తారు. ఆ పట్టుదలను దగ్గరుండి చూసినదాన్ని. వాళ్లమీద నాకు ఇప్పటికీ గౌరవమే.

2023 జులై 1న గ్రూప్-4 రాశాను. 2024 చివర్లో నియామక పత్రం చేతికొచ్చింది. మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంటు, పన్నుల సెక్షన్. ఆఫీసు మా ఊరి నుంచి బస్సులో పోయి రాగలిగినంత దూరంలోనే. హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు నా మెటీరియలంతా జూనియర్ అమ్మాయికి సగం ధరకు ఇచ్చేశాను. ఆ డబ్బు పర్సులో పెట్టుకుని ఆదివారం ఆబిడ్స్ పోయాను.

ఆదివారం ఆబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగ్ పుస్తకాల గుట్టకు, ఇంగ్లిషు నవలల గుట్టకు మధ్య తెలుగు పుస్తకాలు కొన్ని ఉన్నాయి. వంగి ఒక్కొక్కటీ తీస్తుంటే అల్పజీవి కనిపించింది. పల్చటి పుస్తకం. అట్ట మారిపోయింది, ఎవరో ఖాకీ కాగితంతో కుట్టారు. తెరిస్తే లోపలి పేజీలో ఊదారంగు రబ్బరు ముద్ర. ఏదో అద్దె పుస్తకాల షాపుది. ఊరి పేరు సగం చెరిగిపోయింది. దాని కింద ఎర్ర సిరాతో, నీలం సిరాతో తేదీల వరస: తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ. ఎక్కువమంది ఒక్క రోజులో తెచ్చిచ్చారు. రోజు దాటితే రెండో అద్దె కట్టాలి గదా! మధ్యలో ఒక పేజీ అంచున పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో "పాపం సుబ్బయ్య" అని రాసి ఉంది. అమ్మేవాడు వంద చెప్పి అరవైకిచ్చాడు. నా జీతం డబ్బులు ఇంకా రాలేదు గానీ, నేను పరీక్ష కోసం కాకుండా కొనుక్కున్న మొదటి పుస్తకం అది.

చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఏళ్ల తరబడి పడ్డ అలవాటు ఒక్క రోజులో పోదని. చెయ్యి పెన్సిలు వెతికేది. సుబ్బయ్య గుమాస్తా అని కనపడగానే గీత గీయబోయేదాన్ని. నాలుగు పేజీలు చదివేసరికి మనసులో ప్రశ్న తయారయ్యేది, దాని కింద నాలుగు జవాబులు కూడా వచ్చి కూచునేవి. కథ ముందుకు పోయేది, నేను వెనకే ఉండిపోయేదాన్ని. మళ్లీ వెనక్కి పోయి చదివేదాన్ని. పుస్తకం సగానికి వచ్చాక ఎక్కడో, ఎప్పుడో నాకే తెలియదు, ఆ ప్రశ్నలు ఆగిపోయాయి. సుబ్బయ్య భయం మాత్రం మిగిలింది. ప్రతిదానికీ భయం అతనికి. ఆఫీసరంటే భయం, ఎదురుపడ్డవాడంటే భయం, కాంట్రాక్టరు దగ్గర తీసుకున్న అప్పంటే భయం. విశాఖపట్నం కోర్టుల్లో ప్లీడరుగా ఎంతమంది భయస్తులను చూసి ఉంటే రావిశాస్త్రి ఈ ఒక్క మనిషిని ఇలా రాయగలిగాడో అనిపించింది.

సంక్రాంతి ముందు ఒక ఇంటి యజమాని నా టేబుల్ మీద స్వీటు డబ్బా పెట్టి, "కొత్తగా వచ్చినట్టున్నారు మేడం, పండక్కి పిల్లలకు" అన్నాడు. నాకు పిల్లల్లేరు. అతని బిల్డింగు కొలతలు తిరగరాయాల్సిన ఫైలు నా దగ్గరే ఉంది. డబ్బా వైపు చూస్తుంటే సుబ్బయ్య నా పక్కన నిలబడ్డట్టే అయింది. "వద్దు సార్, తీసుకుపోండి" అన్నాను. గొంతు కొంచెం వణికింది. ఖాకీ అట్ట పుస్తకం ఆ రోజు కూడా నా బ్యాగులో ఉంది.

నా చదువంతా దాదాపు బస్సులోనే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇస్తుంది. నకిరేకల్‌లో ఎక్కితే కొర్లపహాడ్ టోల్‌గేటు, మూసీ వంతెన దాటి సూర్యాపేట వైపు పోయేదాకా నా సమయం నాదే. సీటు దొరికిన రోజు కిటికీ పక్కన కూచుని, దొరకని రోజు కడ్డీకి ఒరిగి నిలబడి చదివాను. ఆ జీరో టికెట్టే పేజీ గుర్తు. ఏడాది గడిచేసరికి నా పుస్తకాలు ఏవి విప్పినా పేజీల మధ్య సన్నటి తెల్ల కాగితాలు దొరుకుతున్నాయి. మెషీన్ అచ్చు నిలవదు, కొన్నిటి మీద అక్షరాలు మాసిపోయాయి. కొన్నిటి మీద తేదీ ఇంకా కనిపిస్తుంది. ఆ తేదీ చూడగానే ఆ పేజీ ఎక్కడ, ఏ వానలో చదివానో గుర్తొస్తుంది.

బస్సులో పుస్తకం తెరిస్తే పక్కవాళ్లు అడిగేది ఒక్కటే.

"ఏ పరీక్షకు సదువుతున్నవ్ బిడ్డా?"

"పరీక్షకు గాదు పెద్దమ్మా, ఊరికెనే."

"ఊరికెనేనా?" అని నా ముఖం వంక, పుస్తకం వంక మార్చి మార్చి చూసేవాళ్లు. వాళ్ల ఇళ్లలోనూ చదువుకునే పిల్లలున్నారు. చదువంటే ఫీజు, ర్యాంకు, నోటిఫికేషన్. ఆ పెద్దమ్మల ఆశ్చర్యం నాకు అర్థమవుతుంది. ఒకామె మాత్రం కేతేపల్లిలో దిగేముందు, "కథ పుస్తకమా? మరైతే రేపు నాకు గూడ చెప్పు" అని పోయింది. ఆమె మళ్లీ కనిపించలేదు. కనిపిస్తే చెప్పడానికి ఒక కథను మనసులో సిద్ధంగానే ఉంచుకున్నాను.

ఆ కథ దిద్దుబాటు. తొలి తెలుగు కథ ఏది అన్న బిట్టు దగ్గర మేమంతా తగువులాడుకునేవాళ్లం. ఒక గైడులో గురజాడ దిద్దుబాటు, 1910 అని ఉండేది. ఇంకో గైడులో భండారు అచ్చమాంబ ధనత్రయోదశి, 1902 అని ఉండేది. ఏది నిజమన్నది కాదు మా బాధ, కమిషన్ 'కీ'లో ఏది పెడతారన్నదే. ఈ ఏడాది ఒక సాయంత్రం రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి చదివాను. రెండూ కలిపి గంట పట్టలేదు. అచ్చమాంబ కథలో పండగపూట పేదరికంలో మొగుడు తప్పుదారి తొక్కబోతే పెళ్లాం నిలబడి దిద్దుతుంది. గురజాడ కథలోనూ దిద్దేది పెళ్లామే. ఎనిమిదేళ్ల తేడాతో ఇద్దరూ ఇంట్లో ఉన్న ఆడమనిషి తెలివిని పట్టుకున్నారు. ఒకరు ముందా ఇంకొకరు ముందా అని కొట్టుకున్న మేము ఆ సంగతి మాత్రం ఒక్కరమూ చూడలేదు. దిద్దుబాటు చివర్లో మంచం కింద దాక్కున్న కమలిని నవ్వూ గాజుల చప్పుడూ వినపడే చోట బస్సులో పైకే నవ్వేశాను. ముందు సీటు అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. నాకు సిగ్గేమీ అనిపించలేదు.

అన్నీ ఇలా చేరువ కాలేదు. వేయిపడగలు మొదలుపెట్టి కొంతదూరం పోయి ఆపేశాను. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు, అడవి బాపిరాజు నారాయణరావు పంచుకున్నాయని నాకు కంఠస్థం. నారాయణరావు పూర్తి చేశాను, ఇష్టంగానే. వేయిపడగలు రాసిన మనిషి పాండిత్యం ముందు తల వంచుతాను. కానీ కథలోని ఊరి వైభవం పోతోందని ఆయన దుఃఖపడుతుంటే, ఆ వైభవంలో మావాళ్లు ఎక్కడ నిలబడి ఉంటారా అని నేను వెతుక్కుంటూ పోయాను. దొరకలేదు. పుస్తకం మూసి బీరువాలో పెట్టాను. సిలబస్‌లో ఉన్న పుస్తకాన్ని అలా మూయలేం. ఇష్టంతో చదివేవాళ్లకు మూసే హక్కు కూడా ఉందని, ఆ హక్కు లేకపోతే ఇష్టానికి అర్థం లేదని గట్టిగా నమ్ముతాను.

మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సార్ ఒకాయన ఉన్నారు. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు పక్కన నా పుస్తకం చూసి, "ఏంటమ్మా, నవలలు చదువుతావా నువ్వు?" అని దగ్గరికొచ్చి కూచున్నారు. ఇక ఆయన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి తులసిదళం సీరియల్‌గా వస్తున్నప్పుడు వీక్లీ కట్టలు దిగే వేళకు బస్టాండుకు పోయి నిలబడేవాళ్లట. ఇంటికొస్తే అక్క లాక్కునేది, ఆమె దగ్గర్నుంచి అమ్మ, అమ్మ దగ్గర్నుంచి పక్కింటివాళ్లు. "మా అక్క ఏడో క్లాసుతో ఆగిపోయింది. కానీ యద్దనపూడివి ఆమె చదవని నవల లేదు" అన్నారు. మర్నాడు వాళ్లక్క దగ్గర్నుంచి సెక్రటరీ తెచ్చిచ్చారు. రాత్రి భోజనం చేసి పట్టుకున్నాను, జయంతి, రాజశేఖరం ఒక దారికొచ్చేసరికి కోడి కూసింది.

యద్దనపూడి గురించి మాకు ఏ పరీక్షలోనూ బిట్టు రాలేదు. యండమూరి గురించీ రాలేదు. పెద్దవాళ్ల లెక్కలో అవి సాహిత్యం కాకపోవచ్చు. కానీ వేలాది ఇళ్లలో, వంటింటి గట్టు మీద, పొయ్యి ఊదుతూ ఆడవాళ్ల చేత పుస్తకం పట్టించిన రచయిత్రిని చరిత్రలో లెక్కవేయకపోవడం అన్యాయం. ఆ అక్క లాంటివాళ్లు ఎవరూ అడక్కుండా, ఎవరికీ జవాబు చెప్పనవసరం లేకుండా చదివారు. నేను ఈ ఏడాది నేర్చుకున్నది వాళ్లెప్పుడో చేసినదే.

పన్నుల సెక్షన్‌లో కూచున్నందువల్ల ఒక సంగతి రోజూ నా కళ్ల ముందు ఉంటుంది. ఇంటిపన్ను డిమాండు నోటీసులో లైబ్రరీ సెస్ అని ఒక గడి. పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు. రేకుల ఇల్లున్న ముసలామె కూడా కడుతుంది. ఒకరోజు ఒక పెద్దాయన రసీదు తీసుకుంటూ ఆ గడి మీద వేలు పెట్టి, "ఇదేంది బిడ్డా?" అన్నాడు. "గ్రంథాలయం పైసలు తాతా. మీరు కట్టిన పైసలతోనే పుస్తకాలు కొంటరు." "గట్లనా? మరి నేనెప్పుడూ పోలేదే" అన్నాడు. పోదాం రమ్మని అడగలేకపోయాను గానీ ఆ శనివారం నేనే ఒక చిన్న శాఖా గ్రంథాలయానికి పోయాను. హాలు నిండా పోటీ పరీక్షల పిల్లలు. పేపర్ల దగ్గర నలుగురు పెద్దవాళ్లు. నవలల బీరువాకు తాళం. అడిగితే గ్రంథపాలకుడు తాళంచెవుల గుత్తి తెచ్చి తీశారు. ఆయన ముఖంలో విసుగేమీ లేదు, సంతోషమే కనిపించింది. "ఈ బీరువా అడిగేవాళ్లు లేరమ్మా" అన్నారు. లోపల నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలు దొరికింది. అన్నేళ్లు హైదరాబాద్‌లో హాస్టల్‌కూ లైబ్రరీకీ మధ్య తిరిగిన నాకు, పాతబస్తీ హవేలీల్లో హిందువులూ ముస్లింలూ కలిసి బతికిన బతుకు, పోలీస్ యాక్షన్ నాటికి ఆ బతుకు చెదిరిన తీరు ఆ కథల్లో మొదటిసారి కనిపించింది. తర్వాత సెలవు రోజున నగరానికి పోయి చార్‌కమాన్ దగ్గర సాయంత్రం దాకా తిరిగాను.

ప్రజల మనిషి వేసవిలో మొదలుపెట్టాను. వట్టికోట ఆళ్వారుస్వామిది మా నకిరేకల్ పక్కనే. ఆయన దేశోద్ధారక గ్రంథమాల స్థాపించింది 1938లో అని మాత్రమే నాకు తెలుసు. ఆ మనిషి ఇంకొకరి ఇంట్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడని, హోటల్లో సర్వరుగా పనిచేశాడని, అచ్చేసిన పుస్తకాలను తనే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడని ఈ ఏడాదే చదివాను. నిజాం కాలంలో నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడ మీద పద్యాలు రాస్తుంటే పక్కన తోడున్నది ఈయనే. అగ్నిధారను దాశరథి ఈయనకే అంకితమిచ్చాడు. ఇవాళ మా పట్నంలో పుస్తకాల షాపంటే నోటుబుక్కులు, గైడ్లు, ఆధార్ జిరాక్స్. ఒక నవల కావాలంటే హైదరాబాద్ పోవాలి. ఎనభై ఏళ్ల కిందట ఒక మనిషి నెత్తిన పెట్టుకుని మా ఊళ్లకు తెచ్చిన సరుకు ఇప్పుడు దొరకదు. అది తలుచుకుంటే మనసు కష్టపెట్టుకోకుండా ఉండలేను.

నాయనమ్మకు ఎనభై దాటాయి. చూపు మందగించింది గానీ చెవులు పాము చెవులు. వాకిట్లో నులకమంచం మీద పడుకుని నేను పేజీలు తిప్పే చప్పుడు విన్నది.

"ఏం సదువుతున్నవే?"

"మన నకిరేకల్ కాడాయన రాసిన నవల, నాయనమ్మా. దొరల కాలంది."

"పెద్దగ సదువు. నేను గూడ ఇంట."

రోజూ అన్నాలయ్యాక చదివేదాన్ని. ఆమె నన్ను రెండు పేజీలు తిన్నగా సాగనివ్వలేదు. దేశ్‌ముఖ్ మాట్లాడే చోటల్లా, "ఆగవే, మల్ల సదువు" అనేది. కథలో ఊరి పేరు చెప్తే, అలాంటి ఊరు లేదని నేనెంత చెప్పినా ఒప్పుకోలేదు. "పేరు మార్చి రాసిండు గాని గిది మనకాడి ముచ్చటనే" అని తేల్చేసింది. కంఠీరవం ఎదురుతిరిగినప్పుడు లేచి కూచుంది. వెట్టి సంగతి వచ్చిన రాత్రి మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందనుకుని పుస్తకం మూయబోయాను.

"మా నాయిన దొర కచ్చురం ముందట ఉరికేటోడు" అంది.

నేను కదలలేదు.

"చీకటి పడితే కాగడ పట్టుకొని ఉరకాలె. ఎడ్లు ఎంత జోరుగ పోతే మనిషి అంత జోరుగ ఉరకాలె. కాళ్లకు చెప్పుల్లెవ్వు. ఇంటికొస్తే మా అమ్మ ముండ్లు తీసేది. నేను దీపం పట్టుకొని కూసునేదాన్ని."

"ఏమిచ్చేటోళ్లు నాయనమ్మా?"

"ఏమిస్తరే? ఇస్తే అది ఎట్టి ఎందుకైతది?"

గడప దగ్గర ఫోను చూసుకుంటున్న నాయిన ఫోను పక్కన పెట్టి వచ్చి మంచం కోడు దగ్గర నేల మీద కూచున్నాడు. "గిదంత మాకెన్నడు చెప్పలేదేందే అమ్మా?" అన్నాడు.

"నువ్వెన్నడు అడిగినవ్ రా?"

ఆ రాత్రి పుస్తకం ముందుకు సాగలేదు. ఆమె చెప్తూ పోయింది. దొర ఇంట్లో పెళ్లయితే ఇంటికొక మనిషి పోయి విస్తర్లు కుట్టాలి. కుమ్మరి కుండలు తేవాలి, చాకలి నీళ్లు మోయాలి. కచ్చురం గంటలు వినపడితే పిల్లలు తలుపెనక దాక్కోవాలి. యూనియన్ మిలట్రీ వచ్చిన ఏడు ఆమెకు ఏడో ఎనిమిదో. గడీ నౌకర్లు పరుగెత్తడం మొదటిసారి అప్పుడు చూసిందట. నా పరీక్ష నోట్సులో 'వెట్టి చాకిరీ: కారణాలు, పరిణామాలు' అని ఒక హెడ్డింగు ఉండేది, కింద అయిదు పాయింట్లు. వాటిని ఎన్నిసార్లు తిరగేసి ఉంటానో. నా రక్తంలో మనిషి ఒకడు ఆ పాయింట్ల వెనక చీకట్లో కాగడా పట్టుకుని పరుగెత్తుతున్నాడని ఆ నోట్సు నాకు చెప్పలేదు. జవాబు కోసం చదివినప్పుడు జవాబు దగ్గరే ఆగిపోయాను. ఏమీ కోరకుండా చదివిన పుస్తకం మా వాకిట్లో ఇంకొక పుస్తకాన్ని తెరిచింది. ఏడాది మొత్తానికి నాకు దక్కినది ఏదంటే ఇదేనని చెప్తాను.

ఆ ఊపులోనే చిల్లర దేవుళ్లు పట్టుకున్నాను. బెజవాడ వైపు నుంచి సంగీతం నమ్ముకుని వచ్చిన పాణి అంటే నాయనమ్మకు జాలి. "పాటలు పాడి ఏం బతుకుతడు పాపం" అనేది. గడీలో దాసిగా బతికే ఆడబాప వనజ కథ వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి, "ఆ ముచ్చటొద్దు, పక్కన పెట్టు" అంది. ఎందుకని అడగలేదు. పక్కన పెట్టాను. రెండు రాత్రులు గడిచాక తనే, "గా పిల్ల ఏమయిందే? సదువు" అంది. చదివాను. మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అమ్మ దారి వేరు. ఆమె వయోజన విద్య రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంది. బస్సు బోర్డులు, రేషన్ కార్డు, పెళ్లిపత్రికల మీద పేర్లు, అంతవరకే. పాకాల యశోదారెడ్డి మా ఊరి ముచ్చట్లు తెచ్చి ఒక కథ చదివి వినిపించాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ వింటోంది. కాసేపటికి చెయ్యి ఆగింది. "గిది పుస్తకంల రాసిందేనా, నువ్వు కల్పించి చెప్తున్నవా?" అంది. పుస్తకం ఆమె చేతికిచ్చాను. వేలు కింద పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివింది. ఆ యాస పాలమూరుది, మాది నల్లగొండ. అయినా ఆ మాటలు సగం మా ఇంట్లో తిరిగే మాటలే. బడి పుస్తకాల భాషలో ఆమె ఎప్పుడూ ఒక లైను దాటలేకపోయింది. ఈ పుస్తకంలో అక్షరం కొద్దిగా దొరికితే చాలు, మాట మొత్తం నోటికి తనంతట తనే వచ్చేస్తోంది. ఇప్పుడు పత్తి ఏరే పనుల్లేని రోజుల్లో మధ్యాహ్నం ఒక పేజీ చదువుతుంది. పేజీ పూర్తయితే మూల మడుస్తుంది. పుస్తకాల మూలలు మడవొద్దని నాకుంటుంది గానీ ఆ పుస్తకానికి మాత్రం ఏమీ అనను.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర మాత్రం నేను ఒంటరిగానే చదువుకున్నాను, నిదానంగా, వానాకాలమంతా. అవార్డు సంవత్సరం తప్ప ఏమీ తెలియని పుస్తకం. సురవరం రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతలకు మొక్కారు అని పాత కావ్యాల్లోంచి ఏరి పెట్టాడు. కాకతీయుల ఓరుగల్లులో పూటకూళ్లింటి భోజనం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కవి వర్ణన కోసం రాసిన పద్యంలోంచి ఈయన ఒక ఊరి ఆకలిని, ధరలను, వంటలను పట్టుకున్నాడు. చదవడమంటే ఇదీ అనిపించింది. ఆ పుస్తకాన్ని నేను ఇంకోసారి తప్పక చదువుతాను.

దసరాకు హాస్టల్ స్నేహితురాలు మా ఊరికి వచ్చింది. ఇంకా గ్రూప్-2 కోసం కూచుంది. బతుకమ్మ పేరుస్తుంటే నా గదిలో పుస్తకాలు చూసి, "వీటన్నిట్లోంచి బిట్లు తీసినవా?" అని అడిగింది. "లేదే, ఊరికెనే" అన్నాను. ఆమె అల్పజీవి తీసి, ఖాకీ అట్ట తడిమి, ఆ రబ్బరు ముద్ర, తేదీల వరస చూసింది. తీసుకుపొమ్మంటే, "ఇప్పుడు గాదు, ఎగ్జామ్ అయినంక" అంది. నేను బలవంతం చేయలేదు. ఆ గదిలో ఒక్క గంట పోగొట్టుకుంటే ఎంత భయమో నాకు తెలుసు. పోయేటప్పుడు మాత్రం బస్సు మెట్టు మీద నుంచి, "అది ఎవ్వరికీ ఇవ్వకు మరి" అని అరిచింది.

ఈ డిసెంబరులో హైదరాబాద్‌లో పుస్తక ప్రదర్శన ఉంది. జీతంలోంచి డబ్బు పక్కన పెట్టాను. అమ్మకు యశోదారెడ్డి ఎచ్చమ్మ కతలు. ఆఫీసు సార్ వాళ్లక్కకు పెద్ద అచ్చులో ఏదైనా యద్దనపూడి, ఆమె కంటి ఆపరేషన్ అయి నెల రోజులే అయింది. నాయనమ్మకు వట్టికోట రెండో నవల గంగు. 1961లో ఆయన పోయాక అది అచ్చయిందని చెప్తే, "మరి ఎవరు జేసిండ్రు ఆ పని? మంచి పని జేసిండ్రు" అంది. ఆయన వదిలిన చోటు నుంచి తెలంగాణ కథను రంగాచార్య అందుకున్నాడు కాబట్టి మోదుగుపూలు కూడా తెస్తాను. నాయిన నోరు తెరిచి ఏమీ అడగలేదు గానీ రోజూ రాత్రి మంచం కోడు దగ్గరే కూచుంటున్నాడు. శనివారం పొద్దున ఏడు గంటల ఎక్స్‌ప్రెస్‌కు పోతున్నాను, అమ్మ పత్తి సంచి ఒకటి ఉతికి ఆరేసి పెట్టింది, పుస్తకాలు మోసుకు రావడానికి.